ముందే పడిన టిక్కు

ఆ పిల్ల గుమ్మం ముందు నిలబడి
పలకలాంటి తెర మీద వేలు జరుపుతూ
"మిస్టర్ టార్ప్‌లీ, మీరు మా లెక్కలో ఉన్నారు" అంది.
నేనింకా తలుపు పూర్తిగా తీయలేదు.
ఒంటి నిండా ఎవరిదో సెప్టిక్ ట్యాంకు వాసన,
చేతిలో సగం కొరికిన బిస్కెట్టు.

ఏ లెక్క తల్లీ, అన్నాను.
తెర తిప్పి చూపించింది.
మా వీధి, ఇంటి నెంబరు, వయసు డెబ్భై ఒకటి,
పక్కన ఆకుపచ్చ టిక్కు.
ముఖం చూసి బొట్టు పెట్టడం అంటారే,
వీళ్ళు ముఖం కూడా చూడలేదు,
జాతి అని రాసిన గడి చూశారు.

పిల్ల మంచిదే. అలబామా ఎండలో నడిచొచ్చింది.
మంచినీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు చేతికిస్తూ
"మనవాళ్ళంతా ఇటే కదండీ" అంది.
మన అన్నది రెండక్షరాల మాట,
అందులో ఎన్ని లక్షల మందిని కుక్కుతారో.

అరవై నాలుగులో మా అమ్మ యూలలీన్
కోర్టు మెట్లు నాలుగుసార్లు ఎక్కింది.
మొదటిసారి గుమస్తా భోజనానికి వెళ్ళాడు.
రెండోసారి రాజ్యాంగంలో ఒక పేరా చదవమన్నాడు, చదివింది.
మూడోసారి దానికి అర్థం చెప్పమన్నాడు,
చెప్పింది, అతనికి అర్థం కాలేదు.
నాలుగోసారికి ఆమె బట్టలుతికే ఇళ్ళు మూడు పోయాయి.
మరుసటేడు ఓటొచ్చాక
ఎవరికి వేసిందో మా నాన్నకే చెప్పలేదు.
"ఇంత కష్టపడి తెచ్చుకున్నది
అడిగినవాడికల్లా విప్పి చూపించడానికా?"

నాది పెద్ద సిద్ధాంతమేం కాదు.
ఒక లారీ, రెండు పంపులు, ఇద్దరు కుర్రాళ్ళు.
ప్రతి అనుమతికీ ఒక కిటికీ, ప్రతి కిటికీకీ ఒక రుసుము.
ఐదో తరగతికొచ్చినా మనవడికి చదవడం రాలేదు,
బడి మారుస్తానంటే
"మీవాళ్ళ కోసమే కదా ఈ బడి" అన్నారు.
ఆ రోజు నేను గంపగుత్తలోంచి బయటికొచ్చాను.

మా చెల్లెలు వెర్డెల్ ఆదివారం భోజనాల దగ్గర
ఆకుకూర గిన్నె నా దాకా రానివ్వదు.
"అమ్మ చూస్తే ఏమంటుంది?"
అమ్మ చూడదు, అక్కడ తెర కడతారు, అంటాను.

ఓటుకి కార్డు అడిగితే తప్పేముందీ అంటాను.
చేపలు పట్టడానికి చూపిస్తున్నాను, జలుబు మందుకి చూపిస్తున్నాను.
వెర్డెల్ ఫోర్కు కింద పెట్టి
"ఆ గుమస్తా కూడా ఏదో ఒకటి అడిగాడు కదా" అంది.
ఆ మాట పళ్ళ సందులో పీచులా ఉండిపోయింది.
నా మాట మారలేదు. పీచూ పోలేదు.

అలాగని మా పార్టీవాళ్ళనీ మొయ్యను.
జిల్లా విందుకి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు.
మూడు కెమెరాలు నా వైపే తిరిగాయి.
రుసుముల మాట ఎత్తబోయేసరికి
మైకు పక్క బల్లకి వెళ్ళిపోయింది.
వాళ్ళకి నేను అంకెను, వీళ్ళకి నేను బొమ్మను.

టీవీలో ఎవరో అంటున్నాడు,
నల్లవాళ్ళ ఓటు కొంత జారిందట.
జారడమేమిటయ్యా,
నా మోకాళ్ళతో నడిచి వెళ్ళాను.

ఓటింగు రోజు వెర్డెల్ కారు బ్యాటరీ చచ్చిపోయింది.
ముక్కుకి రుమాలు కట్టుకుని నా లారీ ఎక్కింది.
ఫైర్ స్టేషన్‌లో పక్కపక్క బల్లలు మాకు.
మధ్యలో అట్టముక్క.
ఆమె పెన్ను గట్టిగా నొక్కి రాస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే,
నా బల్ల కూడా ఊగింది.

తిరిగొస్తూ అంది:
"నీదీ నాదీ కొట్టేసుకున్నాయి.
ఇద్దరం ఇంట్లో ఉంటే పెట్రోలు మిగిలేది."
అమ్మ ఊరుకునేది కాదు, అన్నాను.
దానికి ఆమె ఏమీ అనలేదు.

ఆ పిల్ల తెర మీద నా పేరు పక్కన
ఆ ఆకుపచ్చ గుర్తు ఇంకా ఉండే ఉంటుంది.
ఉండనీ.
వెర్డెల్ రుమాలు తీసి, ఐసు కొనాలి,
ఆ పెట్రోలు బంకు దగ్గర ఆపమంది.